న్యూట్రాన్ నక్షత్రం కంపనాలు: సూత్రం అన్ని నక్షత్రాలకూ ఒకటే అయితే లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను. మీరు ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి, హైదరాబాద్‌లోనే పరిశోధనలో చేరాలనుకుంటున్నారు. న్యూట్రాన్ నక్షత్రం (పెద్ద నక్షత్రం పేలాక మిగిలే అతి దట్టమైన గర్భం) కంపించినప్పుడు వచ్చే గురుత్వ తరంగాల (స్థలకాలంలో పాకే అలల) పౌనఃపున్యం నుంచి దాని ద్రవ్యరాశి, వ్యాసార్ధం రాబట్టవచ్చని, ఆ సూత్రాలు లోపలి పదార్థం ఏమిటన్నదానిపై ఆధారపడవని చదివారు. అదే చోట, ఈ కంపనాలే లోపలి పదార్థం గుట్టు విప్పుతాయని కూడా రాసి ఉంది. పదార్థంతో పని లేని సూత్రంతో పదార్థం సంగతి ఎలా తెలుస్తుందని మీరు అడిగారు. ఈ ప్రశ్న నన్ను రెండేళ్లపాటు వదలలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మేముండే తార్నాకలో ఎండలు ముదరగానే రోడ్డు పక్కన కుండలు పేరుస్తారు. చిన్నప్పుడు మా అమ్మ వెంట వెళ్లేవాడిని. ఆమె ఒక్కొక్క కుండను ఎడమచేత్తో మెడ దగ్గర పట్టుకుని, కుడిచేతి వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకునేది. ఖంగున మోగి ఆ మోత కొంతసేపు నిలిస్తే పక్కన పెట్టేది. బొంగురుగా పలికి వెంటనే ఆగిపోతే ఎక్కడో కంటికి కనబడని బీట ఉన్నట్టు. అంటే ఆమె రెండు కొలతలు తీసుకునేది: స్వరం ఎంత, మోత ఎంతసేపు. కుండ ఎంత గట్టిగా కాలిందో, గోడ ఎంత మందమో ఆ రెండింటితో చెప్పేది. కానీ అది ఏ చెరువు మట్టో ఆ శబ్దాన్ని బట్టి చెప్పమంటే చెప్పలేదు. మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

న్యూట్రాన్ నక్షత్రం కూడా రెండు సంగతులు చెబుతుంది. అది ఎంతటిదో ముందు చూడండి. మన అవుటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. 12 కిలోమీటర్ల వ్యాసార్ధం గల వృత్తం చుట్టుకొలత 75 కిలోమీటర్లే. కాబట్టి అవుటర్ లోపల సులువుగా పట్టే బంతిలో సూర్యుడికి 1.4 రెట్ల ద్రవ్యరాశి కుక్కి ఉంటుంది. అణుకేంద్రకంలోని పదార్థం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 27 కోట్ల టన్నులు. ఈ నక్షత్రం నడిమధ్యలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ సాంద్రత దగ్గర పీడనం ఎంతో చెప్పే సంబంధమే స్థితి సమీకరణం. అక్కడ ఉన్నది న్యూట్రాన్లేనా, వాటికంటే బరువైన హైపరాన్లనే కణాలు పుట్టాయా, న్యూట్రాన్ల లోపలి క్వార్కులే విడివడ్డాయా అన్నదాన్ని బట్టి అది మారుతుంది, దానితోపాటు నక్షత్రం వ్యాసార్ధమూ మారుతుంది. 11 కిలోమీటర్లా, 12 కిలోమీటర్లా, 13 కిలోమీటర్లా అన్నదే ఇప్పటి వివాదం. మన మెట్రోలో ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్‌కు ఉండే దూరం కోసం ప్రపంచమంతా ఇన్ని పరికరాలు కడుతోంది, ఆ కిలోమీటరుకు అంత విలువ ఉంది.

నక్షత్రాన్ని తట్టితే అది చాలా రకాలుగా ఊగుతుంది. గురుత్వ తరంగాలను బాగా వెదజల్లేది ఎఫ్-మోడ్, అంటే మూల కంపనం. నక్షత్రం ఒకసారి గుమ్మడికాయలా చదునుగా, మరోసారి కోడిగుడ్డులా పొడవుగా అవుతూ ఉంటుంది. సొంత గురుత్వాకర్షణే దాన్ని మళ్లీ గుండ్రంగా లాగుతుంది. అందుకే దీని పౌనఃపున్యం సగటు సాంద్రత వర్గమూలాన్ని అనుసరించి నడుస్తుంది. ఈ కంపనాలను ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతమైన సాధారణ సాపేక్షతలో మొదట 1967లో థోర్న్, కాంపొలట్టారో లెక్కగట్టారు. 1998లో ఆండర్సన్, కొక్కొటాస్ ఎన్నో స్థితి సమీకరణాలకు లెక్కలు చేసి, వాటన్నిటి మధ్యనుంచి ఒక సరళరేఖ గీశారు. ద్రవ్యరాశిని సూర్యుడికి 1.4 రెట్లు అనే కొలతతో, వ్యాసార్ధాన్ని 10 కిలోమీటర్లు అనే కొలతతో భాగించండి. మొదటిదాన్ని రెండోదాని ఘనంతో భాగించి వర్గమూలం తీయండి. దాన్ని 1.635తో హెచ్చించి 0.78 కలిపితే పౌనఃపున్యం కిలోహెర్ట్జ్‌లలో వస్తుంది.

మీరే వేసి చూడండి. 1.4 రెట్ల నక్షత్రానికి వ్యాసార్ధం 11 కిలోమీటర్లైతే 2.20 కిలోహెర్ట్జ్, 12 అయితే 2.02, 13 అయితే 1.88. మోత నిలిచే కాలానికీ ఇలాంటిదే మరో సూత్రం ఉంది. 12 కిలోమీటర్ల నక్షత్రానికి అది 0.2 సెకన్లు ఇస్తుంది. అంతలోనే నాలుగు వందల సార్లు ఊగుతుంది. పౌనఃపున్యంలో ద్రవ్యరాశి, వ్యాసార్ధం ఒక రకంగా కలిసి ఉంటాయి, మోత కాలంలో మరో రకంగా. రెండు సమీకరణాలు, రెండు తెలియని రాశులు. మా అమ్మ కుండ దగ్గర చేసినదీ ఇదే.

ఇప్పుడు మీ చిక్కుముడి. సూత్రం ఒకటే అంటే అన్ని నక్షత్రాలూ ఒకే గీత మీద ఉంటాయని అర్థం. గీత మీద ఏ చోట ఉంటాయన్నది మాత్రం పదార్థమే నిర్ణయిస్తుంది. మెత్తని పదార్థమైతే 1.4 రెట్ల నక్షత్రం 11 కిలోమీటర్లకు కుంచించుకుపోయి గీత మీద పైకి జరుగుతుంది. గట్టి పదార్థమైతే 13 దగ్గర నిలిచి కిందికి జరుగుతుంది. సూత్రం మనకు ఇచ్చేది ద్రవ్యరాశి, వ్యాసార్ధం అనే జంట మాత్రమే. ఒక్క జంటతో పదార్థం తెలియదు. కానీ ఒకే కుమ్మరి ఒకే మట్టితో చేసిన చిన్నా పెద్దా కుండలను వరుసగా తడితే ఆ మట్టి గుణం బయటపడుతుంది. న్యూట్రాన్ నక్షత్రాలన్నీ ఒకే కుమ్మరి చేసినవి, ఎందుకంటే ప్రకృతిలో ఉన్నది ఒకే స్థితి సమీకరణం. 1.2 రెట్ల నక్షత్రం, 1.4 రెట్లది, 2 రెట్లది, ఇలా జంటలు పోగవుతూ పోతే ద్రవ్యరాశి-వ్యాసార్ధాల వక్రరేఖ తయారవుతుంది. నక్షత్రంలో గురుత్వాన్ని పీడనం ఎలా నిలబెడుతుందో చెప్పే 1939 నాటి టోల్మన్-ఓపెన్‌హైమర్-వోల్కాఫ్ సమీకరణాలను వెనక్కి తిప్పి, ఆ వక్రరేఖ నుంచి స్థితి సమీకరణాన్ని రాబట్టవచ్చని లిండ్‌బ్లమ్ 1992లో చూపించారు. కాబట్టి పదార్థంతో పని లేని సూత్రం తూకపు రాయి లాంటిది. రాయికి బియ్యమేదో పప్పేదో తెలియదు, తెలియకపోవడం వల్లే దాన్ని నమ్ముతాం.

అయితే ఈ తూకపు రాయి ఎంత నిక్కచ్చిదన్న విషయంలోనే ఎక్కువమంది పొరపడతారు. 2004లో బెన్హార్, ఫెరారీ, గ్వాల్టీరీ కొత్త స్థితి సమీకరణాలు తీసుకుని అదే సరళరేఖను మళ్లీ గీశారు. వారి గుణకాలతో మన 12 కిలోమీటర్ల నక్షత్రానికి 1.93 కిలోహెర్ట్జ్ వస్తుంది. పాత సూత్రం 2.02 అంది. తేడా 90 హెర్ట్జ్. పైన వేసిన అంకెలను బట్టి చూస్తే అది అర కిలోమీటరుకు పైగా వ్యాసార్ధంతో సమానం, అంటే మన వివాదంలో సగం దూరం అక్కడే పోయింది. మరి 2 కిలోహెర్ట్జ్ దగ్గర 0.2 సెకన్లు మోగే సంకేతం పరికరంలోని గోల కంటే పది రెట్లు బలంగా దొరికితే పౌనఃపున్యం ఒకటి రెండు హెర్ట్జ్ లోపే తేలుతుంది. కొలత అంత సూక్ష్మం, సూత్రం ఇంత మొరటు. మోత కాలం సంగతి వేరు, అదే సంకేతంలో అది ఇరవై శాతం అటూ ఇటూ అయినా ఆశ్చర్యం లేదు. ఈ రెండిటి తేడా గమనించకుండా రెండు సూత్రాలనూ ఒకే నమ్మకంతో వాడేస్తే వచ్చే వ్యాసార్ధం కాగితం మీద మాత్రమే అందంగా ఉంటుంది.

ఇందుకు మందు ఉంది. పౌనఃపున్యాన్ని సగటు సాంద్రతతో పోల్చడం మానేసి, ద్రవ్యరాశితో హెచ్చించి కొలతలు లేని అంకెగా మార్చండి. దాన్ని నక్షత్రం జడత్వ భ్రామకంతో, అంటే తిరుగుడులో మార్పుకు అది ఎంత ఎదురొడ్డుతుందో చెప్పే రాశితో ముడిపెట్టండి. 2010లో లా, లెంగ్, లిన్ ఇలా చేసేసరికి చెల్లాచెదురుగా ఉన్న బిందువులన్నీ దాదాపు ఒకే గీత మీదికి వచ్చి పడ్డాయి, చెదురు ఒక శాతం స్థాయికి దిగింది. 2013లో యాగి, యూనెస్ చూపించిన సంబంధాలు కూడా ఈ కుటుంబానివే. జడత్వ భ్రామకం, ఆటుపోటుకు (పక్క నక్షత్రం లాగుడుకు) సాగే గుణం, తిరుగుడు వల్ల వచ్చే చదును, ఈ మూడింటిలో ఒకటి తెలిస్తే మిగతా రెండూ పదార్థంతో పని లేకుండా వచ్చేస్తాయి. మీరు పరిశోధనలో చేరితే పాత సూత్రాన్ని అర్థం చేసుకోవడానికి వాడండి, కొలవడానికి మాత్రం దీన్నే వాడండి.

ఆటుపోటు మాట వచ్చింది కాబట్టి, ఇంతవరకు నిజంగా చేతికి చిక్కినది అదేనని చెప్పాలి. 2017 ఆగస్టు 17న, లేజర్ కాంతితో గురుత్వ తరంగాలను కొలిచే లైగో (అమెరికా), వర్గో (ఇటలీ) యంత్రాలు పట్టుకున్న జీడబ్ల్యూ170817 అనే సంకేతంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ కలిసిపోయాయి. మొత్తం ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 2.7 రెట్లు, దూరం సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు. సంకేతం నూరు సెకన్ల దాకా వినిపించింది. కలయిక తరువాత 1.7 సెకన్లకు గామా కిరణాలు వచ్చాయి. దగ్గరయ్యేకొద్దీ ఒకదాని లాగుడుకు మరొకటి సాగుతుంది. సాగడానికి అయ్యే శక్తి వాటి కక్ష్య నుంచే రావాలి, కాబట్టి కలయిక కొంచెం ముందే జరిగిపోతుంది. ఆ కొద్దిపాటి తొందరను తరంగంలో వెతికారు. ఈ సాగే గుణం వ్యాసార్ధం ఐదో ఘాతాన్ని అనుసరిస్తుంది. 11 కిలోమీటర్ల నుంచి 13కు వెళ్తే ఆ ఘాతం ఒక్కటే 2.3 రెట్లు పెరుగుతుంది. అందుకే తొందర చిన్నదే అయినా వ్యాసార్ధం గట్టిగా బిగిసింది. లైగో-వర్గో బృందం 2018లో చెప్పిన అంకె 11.9 కిలోమీటర్లు, అటూ ఇటూ 1.4.

దీనికీ ఎఫ్-మోడ్‌కూ సంబంధం ఏమిటని అడగవచ్చు. ఆటుపోటుకు సాగడమంటే ఎఫ్-మోడ్‌ను చాలా నెమ్మదిగా తొయ్యడమే. ఉయ్యాలను ఊపకుండా చేత్తో మెల్లగా పక్కకు జరిపి పట్టుకున్నారనుకోండి, ఎంత జరిగిందన్నది అదే ఉయ్యాల ఎంత వేగంగా ఊగగలదో చెబుతుంది. అందుకే సాగే గుణానికీ ఎఫ్-మోడ్‌కూ అంత బిగువైన సంబంధం ఉంది. కలయిక దగ్గరపడేకొద్దీ తోపుల వేగం పెరిగి సహజ పౌనఃపున్యానికి దగ్గరవుతుంది. ఎఫ్-మోడ్ 2000 హెర్ట్జ్ అనుకుంటే, తరంగం 600 హెర్ట్జ్ దగ్గర ఉన్నప్పుడు నక్షత్రం నెమ్మది లెక్క కంటే పది శాతం ఎక్కువ సాగుతుంది, 1000 హెర్ట్జ్ దగ్గర 33 శాతం ఎక్కువ. నక్షత్రం విడిగా మోగకముందే, కలయికకు ముందున్న తరంగంలోనే ఎఫ్-మోడ్ జాడ పడుతుందన్నమాట. 2020లో ప్రాటెన్, ష్మిట్, హిండరర్ ఈ దారిలోనే జీడబ్ల్యూ170817 నుంచి ఎఫ్-మోడ్‌కు హద్దులు తీశారు. నాకు అన్నిటికంటే ఆశ కలిగించే దారి ఇదే.

కలిసిన తరువాత మిగిలిన ముద్ద మోగితే అది నేరుగా వినబడాలి, సుమారు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య. 2017లో వెతికారు, దొరకలేదు. అంత పైపౌనఃపున్యాల దగ్గర ఇప్పటి యంత్రాల్లో కాంతి కణాల గణనలోని ఒడిదొడుకులే సంకేతాన్ని ముంచేస్తాయి. నాలుగు కిలోమీటర్ల చేతులున్న లైగో స్థానంలో నలభై కిలోమీటర్ల కాస్మిక్ ఎక్స్‌ప్లోరర్, ఐరోపాలో ఐన్‌స్టీన్ టెలిస్కోప్ ప్రతిపాదనలో ఉన్నది ఇలాంటి లోటు తీర్చడానికే. మనకు దగ్గరగా, ఒకప్పుడు హైదరాబాద్ రాజ్యంలో ఉన్న హింగోలి దగ్గర లైగో-ఇండియా వస్తోంది. కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో సుమారు 2,600 కోట్ల రూపాయలకు ఆమోదం తెలిపింది. అది కూడా నాలుగు కిలోమీటర్లదే కాబట్టి పైపౌనఃపున్యాల కొరత దానితో పూర్తిగా తీరదు, కానీ తరంగం ఆకాశంలో ఎక్కడి నుంచి వచ్చిందో బాగా తెలుస్తుంది. చోటు తెలిస్తే అది ఏ గెలాక్సీదో, ఎంత దూరమో తేల్చవచ్చు. ఆ దూరం మన లెక్కకు అవసరం. 13 కోట్ల కాంతి సంవత్సరాల దగ్గర విశ్వ వ్యాకోచం వల్ల పౌనఃపున్యం ఒక శాతం తగ్గుతుంది, 2 కిలోహెర్ట్జ్‌కు 20 హెర్ట్జ్. నక్షత్రం సొంత గురుత్వం వల్ల వచ్చే తగ్గుదల మాత్రం పై సూత్రాల్లోనే కలిసి ఉంది. దాన్ని మళ్లీ తీసేయకండి. ఈ పొరపాటు విద్యార్థుల లెక్కల్లో చాలాసార్లు చూశాను.

గురుత్వ తరంగాలు లేకుండానే కంపనం కనిపించిన సందర్భం ఒకటుంది. 2004 డిసెంబరు 27న ఎస్‌జీఆర్ 1806-20 అనే మాగ్నెటార్ (అతి బలమైన అయస్కాంత క్షేత్రం గల న్యూట్రాన్ నక్షత్రం) మీద పేలుడు జరిగినప్పుడు దాని ఎక్స్‌రే వెలుగులో 18, 30, 92 హెర్ట్జ్ దగ్గర ఊగులాట కనిపించింది. నక్షత్రం పైపెంకు మెలితిరుగుతూ ఊగిందని మొదటి వివరణ. కానీ బలమైన అయస్కాంత క్షేత్రం పెంకును లోపలి ద్రవానికి కట్టేస్తుంది కాబట్టి, ఏ అంకె ఏ కంపనానిదో గుర్తించడం ఇప్పటికీ తగవుగానే ఉంది. వీటితో వ్యాసార్ధం తేల్చే వ్యాసాలను జాగ్రత్తగా చదవండి.

మళ్లీ చెరువు మట్టి దగ్గరికి వస్తాను. వక్రరేఖ దొరికినా అది పీడనం, సాంద్రతల సంబంధమే చెబుతుంది. ఆ పీడనం ఇచ్చేది న్యూట్రాన్లా క్వార్కులా అన్నది చెప్పదు. క్వార్కుల గర్భం ఉన్న నక్షత్రం మామూలు న్యూట్రాన్ నక్షత్రంలాగే కనబడగలదని మార్క్ ఆల్ఫర్డ్ బృందం 2005లోనే చూపించింది. నైసర్ టెలిస్కోప్ ఎక్స్‌రే కొలతల్లో సూర్యుడికి 2.08 రెట్లున్న జె0740+6620 పల్సర్ (తిరుగుతూ క్రమంగా మిణుకుమనే న్యూట్రాన్ నక్షత్రం) వ్యాసార్ధం కూడా 12 నుంచి 14 కిలోమీటర్ల మధ్యే వచ్చింది, ఇంచుమించు 1.4 రెట్ల నక్షత్రాలంతే. అంటే లోపలికి వెళ్లేకొద్దీ పదార్థం గట్టిగానే ఎదురొడ్డుతోంది. ఎదురొడ్డేది ఎవరన్నది మాత్రం దీనితో తెలియదు.

అది చెప్పగలిగేవి ఈ ఉమ్మడి గీతను పాటించని కంపనాలే. అవి జీ-మోడ్‌లు. నీటిమీద నూనె తేలినట్టు, లోపలి పొరల మధ్య కూర్పు తేడా వల్ల ఇవి పుడతాయి. ఆ తేడా లేకపోతే కంపనమే లేదు. సాధారణ కూర్పు తేడాకు ఇవి కొన్ని వందల హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. న్యూట్రాన్ల నుంచి క్వార్కులకు ఒక్కసారిగా మారే గట్టు ఉంటే కిలోహెర్ట్జ్ దాకా పెరగవచ్చు. ఎఫ్-మోడ్ బలంగా మోగుతుంది, కానీ మట్టి సంగతి దాచిపెడుతుంది. జీ-మోడ్ మట్టి సంగతి చెబుతుంది, కానీ గొంతు చాలా నీరసం. కలయిక తరువాతి స్వరం, కలయికకు ముందు సాగిన తీరు సూచించిన దానికంటే గట్టిగా పైకి జరిగితే అది కూడా పదార్థం హఠాత్తుగా మెత్తబడిందనడానికి గుర్తు. అందుకే ఒక నక్షత్రం ఉమ్మడి గీతను తప్పిన రోజు కొలత చెడిందని బాధపడకూడదు. మనం ఎదురుచూస్తున్నది ఆ రోజు కోసమే.

ఇక మీరు సొంతంగా లెక్క మొదలుపెట్టేముందు రెండు మాటలు. స్థితి సమీకరణాల పట్టికలు విడివిడి బిందువులుగా ఉంటాయి. వాటి మధ్య సరళరేఖలు గీసి కలిపితే ఎఫ్-మోడ్‌కు పెద్ద నష్టం లేదు, జీ-మోడ్‌లు మాత్రం పూర్తిగా పాడవుతాయి. అవి ఆధారపడేది రెండు ధ్వని వేగాల (కూర్పు సర్దుకునే వ్యవధి ఉన్నప్పటిది, లేనప్పటిది) మధ్య ఉన్న చిన్న తేడా మీద, ఆ తేడా మీ గీతల మూలల్లో కొట్టుకుపోతుంది. నున్నని వక్రాలు వాడండి.

రెండోది నా అనుభవం. నా మొదటి ప్రోగ్రాంలో లెక్క తేలికవుతుందని కౌలింగ్ ఉజ్జాయింపు వాడాను. అంటే నక్షత్రం ఊగుతున్నా దాని గురుత్వ క్షేత్రం మారదనుకోవడం. 12 కిలోమీటర్ల నక్షత్రానికి 2.4 కిలోహెర్ట్జ్ వచ్చింది. దాన్ని 1998 సూత్రంలో వెనక్కి వేస్తే వ్యాసార్ధం 10 కిలోమీటర్లని చెప్పింది. నేనే 12 అని ఇచ్చిన నక్షత్రం 10గా తిరిగొచ్చింది! వారం రోజులు ప్రోగ్రాంలో తప్పు వెతికాను. తప్పు ఉజ్జాయింపులో ఉంది, అది ఎఫ్-మోడ్‌ను పది నుంచి ముప్పై శాతం దాకా పెంచి చూపిస్తుంది.

కాబట్టి సాపేక్షత జోలికి వెళ్లకముందే ఒక పరీక్ష పెట్టుకోండి. లోపలంతా ఒకే సాంద్రత గల, నొక్కుడుపడని బంతిని న్యూటన్ గురుత్వంలో తీసుకోండి, ద్రవ్యరాశి సూర్యుడికి 1.4 రెట్లు, వ్యాసార్ధం 12 కిలోమీటర్లు. దీనికి కెల్విన్ కాలం నాటి కచ్చితమైన జవాబు ఉంది: 1476 హెర్ట్జ్. మీ ప్రోగ్రాం ఆ అంకె ఇస్తే ముందుకు వెళ్లండి. 2334 ఇస్తే గురుత్వ క్షేత్రపు మార్పును ఎక్కడో వదిలేశారు. ఈ రెండూ కాక మరేదైనా వస్తే ముందు ఉపరితలం దగ్గర పెట్టిన సరిహద్దు షరతును చూడండి, తరువాత మధ్యబిందువు దగ్గర మొదలుపెట్టిన విలువలను చూడండి. వచ్చిన అంకెను ఇక్కడ రాస్తే అక్కడి నుంచి ముందుకు వెళ్దాం.